ఓరిన్ ఇంకా ముసుగు తీయలేదు

మా సైకాలజీ డిపార్ట్‌మెంటులో ఒకసారి నిజంగానే నిప్పంటుకుంది. కాఫీ గదిలో రొట్టెలు కాల్చే పెట్టె భగ్గుమని, వరండా అంతా పొగ కమ్మేసింది. బెంచీల మీద మొదటి సంవత్సరం పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కరు కదిలితే ఒట్టు! దగ్గుతున్నారు, కళ్ళు తుడుచుకుంటున్నారు, ఒకరినొకరు చూసుకుని ముసిముసిగా నవ్వుకుంటున్నారు. నేను బకెట్టు పట్టుకుని రొప్పుతూ పరిగెత్తుకొస్తే, ఒక పిల్ల పక్కదానితో "ప్రొఫెసర్ కెటిల్సన్ ఎంత బాగా నటిస్తున్నారో చూడవే" అంది. ఆ నీళ్ళు దాని నెత్తిన గుమ్మరించకపోవడం నా మంచితనం.

వాళ్ళననడానికి నాకు నోరెక్కడిది? అలా తయారుచేసింది మేమే. మా అయోవా కాలేజీలో చేరిన ప్రతి పిల్లా పిల్లాడూ మొదటి ఏడు సైకాలజీ ప్రాథమిక పాఠాలు చదవాలి. ఆ పాఠాలు నా జుట్టు గోధుమరంగులో ఉన్నప్పటినుంచీ నేనే చెబుతున్నాను. పాఠంతోపాటు వాళ్ళు మా ప్రయోగాలకు కూడా కూర్చోవాలి. ప్రతి ప్రయోగమూ ఒక అబద్ధంతోనే మొదలవుతుంది. జ్ఞాపకశక్తి పరీక్ష అని పిలుస్తాం. పక్కవాళ్ళంతా తప్పు చెబితే వీళ్ళూ తప్పు చెబుతారా లేదా అన్నది మేం చూసేది. కంటిచూపు పరీక్ష అంటాం. పక్కగదిలో ఎవరో మూలుగుతుంటే లేచి వెళతారా లేదా అన్నది చూస్తాం. నిజం ముందే చెబితే మనిషి మామూలుగా ఉండడు కదా, అదీ మా వాదన.

అయితే దానికో నియమం ఉంది. ప్రయోగం అయ్యాక మనిషిని కూర్చోబెట్టి, అసలు సంగతి చెప్పి, నొప్పించి ఉంటే క్షమించమని అడిగి పంపాలి. దాన్ని మాలో మేము 'ముసుగు తీయడం' అంటాం. ముసుగు తీయకుండా ఎవరినీ ఇంటికి పంపడానికి వీల్లేదు. కానీ ఒకసారి ముసుగు తీసినవాణ్ణి మళ్ళీ ఎవడు నమ్ముతాడు? నాన్నా పులి కథ చిన్నపిల్లలకి చెబుతాం గానీ, మాకెవరూ చెప్పలేదు.

ఈ ముసుగుల పనిలో మా ఓరిన్ వెసెలీని మించినవాడు లేడు. చూడ్డానికి పొడుగ్గా, ఊచలాగా, పెద్దపెద్ద చెవులతో అమాయకుడిలా ఉంటాడు. ఆ మొహం చూసి ఎవరైనా నమ్మేస్తారు. ఎంతమంది ముందైనా ఒకే గొంతుతో, తడబడకుండా, చక్కగా అబద్ధం చెబుతాడు. మామూలు మనిషైతే పళ్ళు రాలగొట్టేవాళ్ళు. మా దగ్గర కాబట్టి ఉద్యోగం పర్మనెంటు చేశారు.

లోర్నా హౌగెన్ గది అతని గదికి ఎదురుగానే. ఆవిడ పావురాలకు చదువు చెబుతుంది. రంగు బిళ్ళ మీద ముక్కుతో పొడిస్తే గింజ, లేకపోతే లేదు, అలా. పావురాలతో మాట్లాడినంత మర్యాదగా మనుషులతో మాట్లాడదు. నాకు మాత్రం ఆ పిల్ల అంటే ప్రాణం, ఎందుకంటే మా డిపార్ట్‌మెంటులో కాఫీ తాగిన కప్పు కడిగి పెట్టేది ఆవిడొక్కతే.

వీళ్ళిద్దరికీ ఎక్కడ చెడిందో చెప్పాలి. ఒక చలికాలం సాయంత్రం ఎవరో కుర్రవాడు మెట్ల మీద కూర్చుని కుళ్ళి కుళ్ళి ఏడుస్తున్నాడు. దాటిపోయినవాళ్ళు దాటిపోయారు. లోర్నా మాత్రం పక్కనే కూర్చుని, తన మఫ్లరు వాడి మెడకు చుట్టి, ఎవరు పోయారు నాయనా అని అడిగింది. తమ్ముడన్నాడు. ఆవిడకీ ఒక తమ్ముడుండేవాడు. పొలంలో ట్రాక్టరు తిరగబడి పోయాడు. ఆ సంగతి మాకెవరికీ, ఇన్నేళ్ళుగా స్నేహంగా ఉన్న నాకు కూడా, ఎప్పుడూ చెప్పలేదు. ఆ కుర్రవాడికి చెప్పింది. ఇద్దరూ కలిసి ఏడ్చారు. అప్పుడు స్తంభం వెనకనుంచి ఓరిన్ రాసుకునే అట్టా పెన్సిలూ పట్టుకుని వచ్చి, చాలా మర్యాదగా, ఇది ప్రయోగమండీ, ఇతను నాటకాల విభాగం విద్యార్థి, మీ సహకారానికి ధన్యవాదాలు అన్నాడు.

"మా తమ్ముడి చావు ఏ గడిలో రాసుకున్నావ్, ఓరిన్?" అని అడిగింది లోర్నా. మఫ్లరు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

ఆ మాటతో ఓరిన్‌కి నిద్ర పట్టడం మానేసింది. క్షమాపణ చెప్పుకోవడానికి రోజూ వెళ్ళేవాడు. ఆవిడ తలుపు తీసేది కాదు. తీసిన రోజున పావురాల గూళ్ళు కడగమని చీపురు చేతిలో పెట్టింది. ఏడాదిపాటు కడిగాడు. అలా కడుగుతూ కడుగుతూ ఎక్కడో ప్రేమలో పడ్డాడు. ఒకరోజు నా గదికి వచ్చి తలుపేసుకున్నాడు.

"బెర్నీస్ గారూ, గుండె దడదడలాడుతోందండీ. అరచేతులు చెమటలు. తిండి సహించడం లేదు. లోర్నా వరండాలోకి వస్తే ఇంకా ఎక్కువవుతోంది. ఇది ప్రేమేనంటారా?"

"రోజుకెన్ని కాఫీలు తాగుతావ్?"

"లెక్కపెట్టలేదండీ. కెటిల్ ఖాళీ అయ్యేదాకా."

"అయితే కాఫీయే! ఒంట్లో దడ ముందు పుడుతుంది, దానికి పేరు తర్వాత మనం పెట్టుకుంటాం. ఆ పాఠం పిల్లలకి నువ్వే చెప్పావు కదయ్యా! కాఫీ మానేసి చూడు."

మానేశాడు పాపం. దడ తగ్గలేదు సరికదా, పైగా తలనొప్పి పట్టుకుంది. తల పట్టుకుని మళ్ళీ వచ్చాడు.

"తలనొప్పి కాఫీది, దడ లోర్నాది" అని తేల్చేశాను. "రెండూ ఒకేసారి వచ్చాయని ఒకటే అనుకోకు. వెళ్ళి అడుగు. నోరుంది కదా?"

నోరుంది. దానితోనే వచ్చింది ప్రమాదం.

మా ఊళ్ళో లూథరన్ చర్చి నేలమాళిగలో వసంతకాలం భోజనాలు జరుగుతాయి. ఎవరింటినుంచి వాళ్ళు ఒక్కో వంటకం తెచ్చి బల్లల మీద పెడతారు. నేను క్యారెట్ తురుము వేసిన పచ్చ జెల్లీ తీసుకెళ్ళాను. ఎప్పుడూ అదే తీసుకెళతాను, ఎప్పుడూ సగం మిగులుతుంది, వాళ్ళ కర్మ. ఊళ్ళోవాళ్ళూ కాలేజీవాళ్ళూ అంతా ఉన్నారు. ఓరిన్ కొత్త టై కట్టుకుని లోర్నా ఎదుట నిలబడ్డాడు. చెప్పాల్సింది రాసుకుని బట్టీ పట్టాడని నాకు చూడగానే తెలిసిపోయింది. భయమేస్తే మనిషి అలవాటైన దారే పట్టుకుంటాడు. వీడికి అలవాటైన దారేమిటో మీకు తెలుసు.

"లోర్నా హౌగెన్ గారూ" అన్నాడు, ప్రయోగం గదిలో మాట్లాడే గొంతుతోనే. "ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడగబోతున్నాను. ఇందులో ఒప్పూ తప్పూ అంటూ ఏమీ లేవు. మీకు తోచిన జవాబు చెప్పవచ్చు. తొందరేమీ లేదు. మీరు నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

నా చేతిలో ప్లేటు జారిపోయింది. ఒరేయ్ దద్దమ్మా, ఇదేం అడగడంరా!

లోర్నా మొహం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత తలెత్తి దీపాల వంక చూసింది. తెర వెనక చూసింది. అవతలినుంచి ఎవరైనా చూస్తున్నారేమోనని గోడ మీది అద్దం దగ్గరికి వెళ్ళి వేలితో కొట్టి చూసింది. నా దగ్గరకొచ్చి మెల్లగా "నేను ఏ గుంపులో ఉన్నానే బెర్నీస్? ప్రయోగం చేసే గుంపా, పోలిక కోసం పెట్టిన గుంపా?" అంది. నేను నోరు తెరిచేలోగానే వెనక్కి తిరిగి, హాలంతా వినిపించేలా "చేసుకుంటాను! తప్పకుండా చేసుకుంటాను!" అని అరిచింది.

చప్పట్లు, ఈలలు. పాస్టరు గారి భార్య కళ్ళు తుడుచుకుంటూ నా జెల్లీ కూడా తినేసింది. ఓరిన్ చెవులు రెండూ బీట్‌రూట్ దుంపల్లా ఎర్రబడ్డాయి. వాడు జన్మలో అంత సంతోషంగా ఉండగా నేను చూడలేదు.

కారు దగ్గరకి నడుస్తుంటే లోర్నా నా చెయ్యి పట్టుకుంది. "చూశావా వాడి పని! పదిమందిలో అడిగితే ఆడది కాదనలేక నీళ్ళు నములుతుందా లేదా అని చూస్తున్నాడు. నేను ఆలోచించకుండా ఔననేశాను. ఇక వాడి లెక్కంతా గల్లంతే."

"నిజంగానే అడిగాడేమోనే."

"నిజమైతే ఒప్పూ తప్పూ లేవని ఎవడంటాడే?"

నిజంగానే ఎవడంటాడు?

ఓరిన్ ఆ రోజునుంచీ గాలిలో నడిచాడు. శనివారం శనివారం ఆవిణ్ణి భోజనానికి తీసుకెళ్ళేవాడు, చెరువులో పడవ ఎక్కించేవాడు, నది దాటి నాట్యాలకు తీసుకెళ్ళి ఆవిడ కాళ్ళు తొక్కేవాడు. లోర్నా అన్నిటికీ వెళ్ళేది. సోమవారం పొద్దున్నే నా గదికొచ్చి చెప్పేది. "మొన్న కూడా ముసుగు తీయలేదే. ఎన్నాళ్ళు లాగుతాడో చూద్దాం. నేనేం తక్కువదాన్నా?" ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం వెలిగిపోతూ ఉండేది. పందెం గెలుస్తున్న సంతోషం అనుకున్నాను. ఇన్నేళ్ళు మనసు గురించి పాఠాలు చెప్పి ఏం లాభం, నా పాడుబుర్ర!

అది నిజమేనే, వాడి బాధ నాకు తెలుసు అని నేను ఎన్నిసార్లు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ జాలిగా చూసి, "నువ్వు కూడా వాడి నాటకంలో ఉన్నావన్నమాట. పోన్లే, నిన్నేమీ అననులే" అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇంత వయసొచ్చి నేను వాడి పక్కవాద్యం వాయిస్తానా?

ఇలా ఉండగా ఓరిన్ తల్లి లుడ్మిలా వెసెలీ కోడలిని చూడ్డానికి సీడర్ రాపిడ్స్ నుంచి బస్సెక్కి వచ్చింది. ఓరిన్ గది అగ్గిపెట్టెంత కాబట్టి మా ఇంట్లో కలుసుకోవాలని ఏర్పాటు. ఆవిడ నల్ల చేతిసంచీ, తలగుడ్డ, ఒక పెద్ద బుట్ట నిండా ఎండు ప్లమ్ పళ్ళ ముద్ద పెట్టి కాల్చిన కొలాచీ రొట్టెలతో దిగింది. లోర్నా గుమ్మంలో అడుగు పెట్టగానే రెండు చేతులా వాటేసుకుని బావురుమంది.

"మా వాడికి ఈ జన్మలో పెళ్ళి కాదనుకున్నానే తల్లీ! వీడి చెవులు చూసి ఎవరు చేసుకుంటారా అని ఏడవని రోజు లేదు!"

లోర్నా ఒక అడుగు వెనక్కి వేసి, ఆవిణ్ణి పైనుంచి కిందికి మెచ్చుకోలుగా చూసింది.

"చాలా బాగా చేస్తున్నారండీ! నాటకాల కుర్రాళ్ళకంటే మీరే నయం. ఆ కన్నీళ్ళు ఎలా తెప్పిస్తారు? ఉల్లిపాయా?"

"ఏమంటోందీ పిల్ల?" అని లుడ్మిలా నా వైపు తిరిగింది.

"తలగుడ్డ కూడా భలే కుదిరింది. ఓరిన్ ఇచ్చాడా, మీదేనా?"

"నేను వాడి తల్లిని! నవమాసాలు మోసి కన్నదాన్ని!"

"అలాగే, అలాగే. ముసుగు తీసేదాకా ఆ మాట మీదే ఉండాలి, నాకు తెలుసు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టనులెండి" అని లోర్నా ఆవిడ వీపు తట్టింది.

లుడ్మిలా నోటినుంచి వచ్చిన వాళ్ళ చెక్ భాష మాటలు నాకు అర్థం కాలేదు, కాకపోవడమే మంచిది. బుట్ట మీద గుడ్డ లాగి కప్పేసి, బస్టాండుకు నడిచి పోయింది. కొలాచీలతో సహా. నేను ఒక్కటే తిన్నాను అప్పటికి.

వెనక గదినుంచి కుర్చీలు తెస్తున్న ఓరిన్ గుమ్మంలోనే నిలబడిపోయి ఉన్నాడు. అంతా విన్నాడు. లోర్నా అతణ్ణి చూసి నవ్వబోయింది. ఆ మొహం చూశాక నవ్వు సగంలో ఆగిపోయింది. కోటు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం ఓరిన్ నా గదికి వచ్చాడు. గడ్డం గీసుకోలేదు.

"ఆవిడ ఔనంది ప్రయోగానికండీ. నాకు కాదు."

"ఆ ముక్క ఆవిడతో చెప్పు! నాతో ఏం లాభం?"

"ఏమని చెప్పను? ఒట్టేస్తే అది కూడా ప్రయోగంలో భాగమంటుంది. ఏడిస్తే ఉల్లిపాయంటుంది. నన్ను నమ్మకూడదని ఊరంతటికీ నేర్పింది నేనే. ఇప్పుడెవరిని అనను?" గడ్డం రుద్దుకున్నాడు. "చర్చిలో అందరి ముందూ ఔనంది. రేపు కాదంటే మాట పడేది ఆవిడే. అందుకని అది ప్రయోగమే అని అందరి ముందూ నేనే చెప్పేస్తాను. తిట్లేవో నాకే పడతాయి. ఆవిడకి పీడ వదిలిపోతుంది."

"ఒరేయ్ పిచ్చి సన్నాసీ! చెప్పక చెప్పక నిజం చెప్పి, దాన్ని ఇప్పుడు అబద్ధమంటావా?"

"నాకు చేతనైన పని అదొక్కటే కదండీ" అని లేచి వెళ్ళిపోయాడు.

నేను లేచేటప్పటికి వాడు వరండా చివరికి చేరాడు. ఆ గంటలో లోర్నా పెద్ద హాల్లో నా క్లాసుకు పావురాన్ని చూపిస్తోంది. నేను లావు మనిషిని, మెట్లెక్కేసరికి ఊపిరాడలేదు. తలుపు తోసుకుని వెళ్ళేసరికి వాడు అప్పటికే వేదిక ముందు నిలబడి ఉన్నాడు.

లోర్నా గూటి పక్కన గింజలు పట్టుకుని ఉంది. పావురం ఒక చుట్టు తిరిగితే ఒక గింజ, అదీ ఆ రోజు పాఠం. ఓరిన్‌ని చూడగానే పిల్లలందరూ టకటకా పెన్సిళ్ళు తీశారు. జ్ఞాపకశక్తి పాఠం వచ్చినప్పుడు ఏటా ఎవరో ఒకరు క్లాసులోకి దూసుకొచ్చి గొడవ చేసి పోతారు, తర్వాత వాళ్ళ చొక్కా రంగేమిటని నేను అడుగుతాను. ఆ సంగతి పై తరగతులవాళ్ళు ముందే చెప్పేసి ఉంటారు. "నీలం చొక్కా, గడ్డం గీయలేదు" అని గొణుక్కుంటూ ఒకడు రాసుకుంటున్నాడు.

"అందరూ ఒక్క నిమిషం వినండి" అన్నాడు ఓరిన్. "చర్చి భోజనాల దగ్గర నేను మిస్ హౌగెన్‌ని అడిగింది ఒక ప్రయోగం. అందులో ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడకి ముందుగా ఏమీ తెలియదు. పొరపాటు... పొరపాటంతా నాది. ఇప్పుడు ముసుగు..."

మాట తడబడింది. ఎన్ని వందలమంది ముందు, ఎన్ని వందల అబద్ధాలు, ఒక్కనాడూ తడబడని గొంతు. మళ్ళీ మొదలెట్టాడు.

"ముసుగు తీస్తున్నాను. మీ సహకారానికి..." అని ఆపేశాడు.

లోర్నా నవ్వుతుందనుకున్నాను. నేను చెప్పలేదా, నాకు ముందే తెలియదా అని అరుస్తుందనుకున్నాను. ఇన్నాళ్ళూ దానికోసమే కదా కాచుకుని కూర్చుంది! ఆవిడ నవ్వలేదు. చేతిలో గింజలు కింద పడిపోయాయి. గూట్లో పావురం తిరుగుతూనే ఉంది.

"నాకు తెలుసు" అంది. "మొదటినుంచీ తెలుసు."

"తెలుసని నాకూ తెలుసు."

"అయితే నా జవాబు లెక్కలోంచి తీసేస్తావా?"

"తీసేస్తాను లోర్నా. ఎక్కడా ఉండదు. ఎవరికీ కనపడదు."

"తీయకు."

హాలంతా పెన్సిళ్ళ చప్పుడు ఒక్కటే.

"నువ్వడిగింది అబద్ధమైతే అయింది" అంది లోర్నా. "నేను చెప్పింది కాదు. చర్చిలో నీ లెక్క చెడగొడదామని అరిచాననుకున్నాను. ఇంటికెళ్ళాక తెలిసింది, కాదని. అప్పటినుంచీ రోజూ భయమే. ఇవాళ వచ్చి ముసుగు తీస్తావేమో, రేపు తీస్తావేమో అని. నువ్వు తీయని ప్రతిరోజూ, హమ్మయ్య, ఇంకో రోజు దొరికిందనుకున్నాను. నిన్న మీ అమ్మ... ఆవిడ నిజమైన అమ్మే అయితే బాగుండునని రాత్రంతా ఏడ్చాను. ఇదీ నా జవాబు. ఏ గడిలో పడుతుందో నువ్వే చూసుకో."

ఓరిన్ బల్ల పట్టుకున్నాడు.

"ఇదే అబద్ధం" అన్నాడు.

"ఏది?"

"ఇప్పుడు నేను చెప్పింది. ప్రయోగం లేదు లోర్నా. ఎప్పుడూ లేదు. ఆవిడ మా అమ్మే. నేను అడిగింది నిన్నే." చేతులు రెండూ చాపి వదిలేశాడు. "నా దగ్గర రుజువేమీ లేదు."

లోర్నా అతని వంక చాలాసేపు చూసింది. నమ్మవే తల్లీ, ఈ ఒక్కసారికి నమ్మవే అని లోపల్లోపల మొక్కుకుంటున్నాను.

"రుజువు ఎవరడిగారు?" అని వేదిక దిగి అతని దగ్గరికి వెళ్ళింది.

"క్లాసు అయిపోయింది, లేచి వెళ్ళండి!" అని పిల్లల మీద కేకలేశాను. ఒక్కరూ లేవలేదు. ముందు వరసలో పిల్ల చెయ్యెత్తి, ఇది పరీక్షలో వస్తుందా ప్రొఫెసర్ అని అడిగింది. ఇది నిజమే తల్లీ, పరీక్షా లేదు గిరీక్షా లేదు, నిజంగా జరుగుతోంది అన్నాను. అందరూ తెలివిగా నవ్వారు. నేను కళ్ళద్దాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాను. వెధవలు, అది కూడా రాసుకున్నారు.